తేరు ఏ చక్రం మీద తిరిగింది

ఆదికేశవన్ కూతురు లోకేశ్వరి ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తోందని విన్నప్పుడు "బొమ్మల అంగడా?" అని అడిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. నా తెలివే అంత ఉంటే మా ఒర్లియంపేటలో మిగతావాళ్ళ సంగతి వేరే చెప్పాలా? సెల్‌ఫోన్‌లో ఆడే ఆటలని, వాటిలో నడిచేవీ తిరిగేవీ ఎగిరేవీ అన్నీ తాను రాసే ప్రోగ్రాం ప్రకారమే కదులుతాయని ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. ఆ పిల్ల గురించీ వాళ్ళ నాయన గురించీ రాద్దామని కూర్చున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది, దాన్నీ దాచకుండా రాస్తాను.

ముందు మా అమ్మవారి తేరు సంగతి చెప్పాలి. తేరు చిన్నదే, ఇరవై అడుగుల ఎత్తు. కానీ మా వీధులు అంతకన్నా చిన్నవి. తేరుకు స్టీరింగు ఉండదు. ప్రదక్షిణంగా వెళుతుంది కాబట్టి నాలుగు మూలల్లోనూ కుడివైపుకే తిరగాలి. మూల రాగానే వెనక కుడి చక్రం కింద ముట్టుకట్ట దూరుస్తారు. చీలికలా చెక్కిన చింతమొద్దును మేము అలా అంటాం. ఆ చక్రం ఆగిపోతుంది, జనం తాళ్ళను కుడివైపుకు లాగుతారు, ఆగిన చక్రాన్ని పట్టుకుని తేరు మొత్తం తిరుగుతుంది. ఆ వెనక కట్ట వేసే హక్కు నాలుగు తరాలుగా ఆదికేశవన్ వాళ్ళది. ముందు కుడి చక్రానికి కట్ట వేసే హక్కు సుబ్బరాయలు వాళ్ళది. ముందు కట్ట తేరును నిలపడానికి మాత్రమే. తిరిగేటప్పుడు దాని జోలికి పోకూడదు.

ఆదికేశవన్‌కు పెద్ద మార్కెట్టు దగ్గర తాళ్ళు, చీపుర్లు, వెదురుతట్టలు అమ్మే అంగడి ఉంది. సుబ్బరాయలు కాలాపేట రూట్లో బస్సు నడిపేవాడు. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. ఒకడికి జ్వరం వస్తే ఇంకొకడు మాత్ర వేసుకుంటాడని మేము ఎగతాళి చేసేవాళ్ళం.

రెండేళ్ళ కిందట మా వీధులకు కొత్తగా సిమెంటు రోడ్డు వేశారు. ఆ ఏడు మూడో మూల దగ్గర తేరు తోక ఎడమవైపుకు ఊగి మూలింటి గోడను గీసింది. ఆ కుదుపుకు ముందు చక్రం ముట్టుకట్ట మీదికెక్కి జారి సుబ్బరాయలు కాలి మీద పడింది. ఆస్పత్రిలో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఉద్యోగం పోయింది. భార్య కుప్పమ్మాళ్ ఇంటి ముందు ఇడ్లీలు వేసి సంసారం నడుపుతోంది.

చూసినవాళ్ళు వందమంది. వందమందీ ఒకే మాట చెప్పారు. ఆదికేశవన్ వెనక కట్ట ఆలస్యంగా వేశాడు, తేరు అదుపు తప్పి ముందుకు ఉరికింది, సుబ్బరాయలు ప్రాణానికి తెగించి ముందు కట్ట వేసి జనాన్ని కాపాడాడు, కాలు పోగొట్టుకున్నాడు. వెనక కట్ట చక్రానికి దూరంగా రోడ్డు మీద పడి ఉండడమే దానికి సాక్ష్యం అన్నారు. సుబ్బరాయలు కళ్ళు తెరిచి అదే చెప్పాడు. ఆదికేశవన్‌ను పిలిచి అడిగితే తల వంచుకుని "నాదే తప్పు" అన్నాడు. చేసినవాడే ఒప్పుకున్నాక ఇంకా విచారణ దేనికి? కోవెల కమిటీ పుస్తకంలో ఆ వాక్యం రాసినవాణ్ణి నేనే.

అప్పటినుంచీ సుబ్బరాయలు పొద్దున్నే అరుగు మీద కూర్చుని, ఆదికేశవన్ అంగడికి పోతూ కనిపిస్తే వీధి దద్దరిల్లేలా తిట్టేవాడు. ఆదికేశవన్ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. పెళ్ళిళ్ళలో బంతికి కూర్చుంటే పక్కవాడు ఆకు తీసుకుని దూరం జరిగాడు. సిగ్గుంటే భోజనానికి ఎందుకు వస్తాడు అని నేను కూడా అన్నాను. ఆ మాట నా పక్కనే కూర్చున్న లోకేశ్వరి వింది. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

ఈ ఏడు తేరు దగ్గరపడింది. వెనక కట్ట హక్కును శాశ్వతంగా వీరరాఘవన్ వాళ్ళ ఇంటికి ఇచ్చేయాలని కమిటీ అనుకుంది. వచ్చే ఆదివారం మీటింగు. అక్కడ సంతకాలు పడితే ఆదికేశవన్ వంశానికి తేరు దగ్గర ఇక చోటు ఉండదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లోకేశ్వరి చేతికి ఆఫీసులో తేరు ఆట వచ్చింది. వాళ్ళది అయిదుగురు పనిచేసే చిన్న ఆఫీసు, కింద టైలరు అంగడి. నాలుగు వీధుల్లో తేరు లాగి మళ్ళీ బయల్దేరిన చోటికి చేర్చడమే ఆట. బొమ్మలు గీసే నందిత, లోకేశ్వరి తెచ్చిన ఫోటోలూ కొలతలూ చూసి మా వీధుల్నే దించేసింది. తేరు ముచ్చటగా వచ్చింది. మూల దగ్గర తిరగమంటే మాత్రం ఉన్నచోటే గిర్రున తిరిగింది. ఓనరు కార్తికేయన్ చూసి, "ఏంది లోకేశ్వరీ, ఇది తేరా, ఫ్యానా?" అన్నాడట.

తర్వాత ఆ పిల్ల నాకు విడమరిచి చెప్పింది. ఆటలో ప్రతి వస్తువుకూ తిరగడానికి ఒక బిందువు ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే అది వస్తువు నడిమధ్యన ఉంటుంది. వేరే చోటు పట్టుకుని తిప్పాలంటే, కంటికి కనిపించని ఖాళీ వస్తువును ఒకదాన్ని ఆ చోట నిలపాలి. తేరును దానికి తగిలించాలి. ఆ తర్వాత తేరును ముట్టుకోకుండా ఆ ఖాళీదాన్ని తిప్పితే చాలు, వాకిలి తలుపు మడతబందు మీద తిరిగినట్టు తేరు మొత్తం దాని చుట్టూ వస్తుంది. పద్ధతి తెలిసింది. ఆ ఖాళీదాన్ని ఎక్కడ నిలపాలన్నదే ప్రశ్న. అది తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు, కానీ రెండేళ్ళుగా ఆ ఇంట్లో తేరు అన్న మాటే ఎత్తరు.

అయినా అడిగింది. ఆదికేశవన్ పొద్దున కాఫీకి ముందు కూర్చుని కొబ్బరితాడు చుట్టలు చుడుతున్నాడు.

"నాయనా, మన తేరు మూల తిరిగేటప్పుడు ఏ చక్రాన్ని పట్టుకోని తిరుగుతాది?"

వంటింట్లో వాళ్ళమ్మ లీలమ్మ చేతిలో గ్లాసు చప్పుడు ఆగిపోయింది. ఆదికేశవన్ తాడుచుట్ట పక్కన పెట్టాడు. తర్వాత అగ్గిపెట్టె తీసి నేల మీద పెట్టాడు. వెనక మూల మీద బొటనవేలు ఆనించి, రెండో చేత్తో మెల్లగా తిప్పాడు.

"ఎనక కుడిది. ఇది కదలగూడదు. మిగతా మూడూ దీని చుట్టూ పోవాల. కదిలే మూడింటినీ జనం చూస్తారు పాపా. కదలనిదాన్ని నేను చూసుకోవాల."

ఆ మాట చెప్పేటప్పుడు నాయన ముఖంలో రెండేళ్ళుగా లేని వెలుగు చూశానని లోకేశ్వరి చెప్పింది. ఆ సంతోషంలోనే నోరు జారి ఇంకో ప్రశ్న అడిగింది.

"ముందు చక్రాన్ని పట్టుకుంటే ఏమవుతాది?"

ఆదికేశవన్ అగ్గిపెట్టె తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "పట్టుకోరు. సుమ్మా ఊరికే ఎందుకు అడుగుతావు?" అన్నాడు. కాఫీ తాగకుండానే అంగడికి వెళ్ళిపోయాడు.

మనుషులు చెప్పనిదాన్ని కంప్యూటరును అడగడం ఆ పిల్ల పని. ఆఫీసులో ఖాళీ వస్తువును వెనక చక్రం దగ్గర నిలిపింది. తేరు మూలను చక్కగా తిరిగింది, ఎడమ గోడ దరిదాపులకు కూడా పోలేదు. తర్వాత దాన్ని ముందు కుడి చక్రం దగ్గరికి జరిపింది. ఈసారి తేరు ముక్కు నిలిచిపోయింది, తోక బారుగా ఎడమకు ఊగి మూలింటి గోడలోకి దూసుకుపోయింది. నందిత నవ్వింది. లోకేశ్వరికి నవ్వు రాలేదు.

ఆ గోడ మీద గీత ఇంకా ఉంది. ఊళ్ళో ఇంకెక్కడైనా అయితే ఇంటివాళ్ళు మర్నాడే సిమెంటు పూసి రంగు వేసేవాళ్ళు. మా మూలింటివాళ్ళు అమ్మవారి తేరు ముట్టుకున్న చోటని గీత పొడుగునా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు, శుక్రవారం శుక్రవారం హారతి ఇస్తున్నారు. రెండేళ్ళుగా మేమంతా దానికి దండం పెట్టుకుంటూనే పోతున్నాం. ఒక్కడైనా దాన్ని చదవలేదు. లోకేశ్వరి టేపు పట్టుకుని పోయి కొలిచింది. మొక్కు తీర్చుకుంటోందేమోనని ఎవరూ అడ్డు చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ తీసుకుని మా ఇంటికి వచ్చింది. "సారూ, మీరు లెక్కల సారు గదా, నేను చేసింది తప్పుగా ఉంటే చెప్పండి" అంది.

మూడు రకాలుగా తిప్పి చూపించింది. వెనక చక్రాన్ని నిలిపితే తేరు ఆ గోడను తాకే దారే లేదు. ఊరంతా చెప్పినట్టు కట్ట ఆలస్యమై తేరు ముందుకు ఉరికాక ముందు చక్రాన్ని నిలిపితే గోడకు తగులుతుంది, కానీ గీత ఇప్పుడున్న చోటికి పది అడుగులు ముందు పడుతుంది. ఇక మూడోది. తేరు ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడే ఆగి ఉంది, వెనక కట్ట పడింది, ఆ నిమిషంలోనే ముందు చక్రానికి కూడా కట్ట పడింది. ఆ లెక్కకు మాత్రమే గీత పసుపు రాసిన చోట పడుతుంది. తోక ఊగేటప్పుడు వెనక కట్టను రోడ్డు మీదికి తన్నేస్తుంది.

నేను కాగితం మీద కంపాసుతో వేసి చూశాను. రెండోసారీ వేశాను. లెక్కలో తప్పు లేదు. ఆదికేశవన్ వేళకే వేశాడు. తేరు ఉరకలేదు. ఉరికిందని సుబ్బరాయలు అనుకున్నాడు, అంతే. తన చేత్తో తానే కట్ట వేసి, తన కాలు తానే పోగొట్టుకున్నాడు.

"మా నాయన హక్కు మా నాయనకు వస్తాది గదా సారూ?" అంది లోకేశ్వరి. ఏడ్చేసింది. పెళ్ళిలో ఆకు జరిపినవాడి పేరు చెప్పింది. నేనన్న మాట మాత్రం ఎత్తలేదు, అదే నన్ను ఎక్కువ పొడిచింది. ఎలాగైనా ఆ పాపం కడుక్కోవాలనిపించింది. ఆదివారం కమిటీకి చూపిద్దాం, కానీ దానికి ముందు సుబ్బరాయలుకు చూపించడం న్యాయం అన్నాను.

"నాయన్ను ఒక మాట అడగొద్దా?"

"మీ నాయన్ను అడిగితే వద్దంటాడు" అన్నాను. ఎందుకు వద్దంటాడో ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది. లెక్క తేలినవాడికి ఆలోచన ఎందుకు ఉంటుంది?

శనివారం పది గంటలకు ఇద్దరం వెళ్ళాం. సుబ్బరాయలు అరుగు మీద ఉన్నాడు, చంకకర్రలు గోడకు ఆనించి. ఆదికేశవన్ మీద ఎంత కోపమున్నా ఆ పిల్ల మీద ఎప్పుడూ చూపించలేదు.

"రా పాపా. మీ నాయన చేసినదానికి నువ్వేం చేస్తావు? కుప్పా, రెండు కాఫీ. సారు కూడా వచ్చినాడు."

"మామా, మన తేరును ఆటలో పెట్టినాను. నువ్వు చూసి ఎట్లుందో చెప్పాల" అని లోకేశ్వరి ల్యాప్‌టాప్ ఆయన ఒళ్ళో పెట్టింది. "ఏ చక్రాన్ని తాకితే ఆ చక్రానికి కట్ట పడతాది."

సుబ్బరాయలు పిల్లవాడిలా సంబరపడ్డాడు. కలశం ఉందా, గుర్రాలున్నాయా అని వెతుక్కున్నాడు. వెనక చక్రాన్ని తాకాడు. తేరు ఒయ్యారంగా మూల తిరిగింది. "చూడు సారూ! ఇట్ల పోవాల. గోడకు అంటకుండా. ఆ దరిద్రుడు ఈ ఒక్క పని చేసుంటే నా కాలు నాకు ఉండేది."

లోకేశ్వరి నా వైపు చూసింది. నేను తలూపాను. ఆ ఊపిన తల నాదే.

"ఇప్పుడు ముందుది తాకి చూడు మామా."

తాకాడు. తోక ఊగింది. తెర మీద గోడకు పసుపు గీత పడింది. సుబ్బరాయలు నవ్వు ఆగలేదు గానీ కళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ తాకాడు. మళ్ళీ.

"తేరు ముందుకు ఉరకలేదే ఇందులో" అన్నాడు.

లోకేశ్వరి ఉరికినట్టు కూడా తిప్పి చూపింది. గీత ఎక్కడో ముందు పడింది. "గోడ మీద యాడ ఉండాదో నేను కొలిచినాను మామా" అని మెల్లగా చెప్పింది.

కుప్పమ్మాళ్ కాఫీ గ్లాసులతో వచ్చి నిలబడింది. "ఏంది? ఏంది అది?" అని అడిగింది.

ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి వాహనం ఎలా తిరుగుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. సుబ్బరాయలు నన్ను చూసి, "కొత్త రోడ్డు సారూ" అన్నాడు. "చప్పుడే లేదు. ఎప్పుడూ గడగడమని వచ్చే తేరు జారతా వచ్చేసినట్టు ఉండింది. మీదికి వస్తా ఉండాదనే అనుకున్నా. సత్యంగా అట్లనే అనుకున్నా."

అప్పుడే ఆదికేశవన్ వచ్చాడు. కూతురు ల్యాప్‌టాప్‌తో ఇటు రావడం చూసి లీలమ్మ అంగడికి ఫోన్ చేసిందట. చెమటతో చొక్కా తడిసిపోయి ఉంది. రెండేళ్ళలో ఆ మెట్టు ఎక్కడం అదే మొదలు. ఎవర్నీ పలకరించకుండా వచ్చి ల్యాప్‌టాప్ మూసేశాడు.

"ఎవురు అడిగినారే నిన్ను?" అని కూతురి మీదికి వెళ్ళాడు. ఆ మనిషి గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"నీ పేరు పోతా ఉండాది నాయనా. రేపు సంతకాలు పెట్టేస్తారు."

"పోతే పోనీ. నేను అంగడికి నడిచి పోతా ఉండా, రెండు పూటలా తింటా ఉండా. నా పేరు తెచ్చి నాకిచ్చి, వాడి దగ్గర ఉండేది లాక్కుంటావా?"

లోకేశ్వరి సుబ్బరాయలు ఒళ్ళోంచి ల్యాప్‌టాప్ తీసుకుంది. ఆదికేశవన్ నా వైపు తిరిగాడు. "సారూ, పుస్తకంలో రాసింది రాసినట్టే ఉండనీ. కట్ట వీరరాఘవన్ వాళ్ళకే ఇచ్చేయండి" అన్నాడు.

"ఆదీ" అన్నాడు సుబ్బరాయలు. రెండేళ్ళ తర్వాత పేరు పెట్టి పిలిచాడు. "నీకు తెలుసునా?"

ఆదికేశవన్ మెట్టు వైపు తిరిగాడు.

"నీ కట్ట పడింది. నేను ముందర వేసింది కూడా నువ్వు చూసినావు. చూసి, నాదే తప్పని అంటివే?"

"నువ్వు ఆస్పత్రిలో ఉంటివి. కాలు తీసేసినారు. ఆ టైంలో వచ్చి, నీ చేత్తోనే నువ్వు చేసుకున్నావురా అని చెప్పేదా?"

"తర్వాతైనా చెప్పుండొచ్చు గదా."

"తర్వాత నువ్వు తిట్టేదానికి మొదలుపెట్టినావు. అంతకు ముందు కూడు ముట్టకుండా గోడపక్కకు తిరిగి పండుకోని ఉంటివంట. తిట్టిన పూట తింటా ఉండాడని కుప్పమ్మాళ్ మా లీలతో చెప్పింది. సరి, ఇదే మేలు అనుకున్నా."

కుప్పమ్మాళ్ గ్లాసులు కింద పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ వీధిలో వెధవను వెతకాలంటే ఆ రోజు దూరం పోనక్కర్లేదు, నన్ను చూస్తే చాలు. లెక్క సరిగ్గా చేసి, దాన్ని తెచ్చి ఒక కుంటివాడి ఒళ్ళో పెట్టినవాణ్ణి.

సుబ్బరాయలు తెగిన కాలి మీద పంచె మడతను సర్దుకున్నాడు. తర్వాత అన్నాడు: "పొద్దున లేస్తే కాలు ఉండదు. ఎందుకు లేదురా దేవుడా అనుకుంటే నీ మొగం గుర్తుకొస్తాది. వాడి వల్లే అనుకుంటే లేచి కూర్చునేదానికి బలం వస్తాది. రేపు పొద్దున లేచి నేను ఎవుర్ని తిట్టాల ఆదీ?"

"నన్నే తిట్టు" అన్నాడు ఆదికేశవన్.

సుబ్బరాయలు నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. రెండేళ్ళు రోజూ వచ్చిన మాట ఒక్కటి కూడా రాలేదు.

ఆదికేశవన్ అరుగు కింద గొంతుక్కూర్చుని, మిగిలిన ఆ ఒక్క కాలూ పట్టుకున్నాడు. "తిట్టరా సుబ్బరాయా" అని బతిమాలాడు. "ఒక్క మాట తిట్టు."